పసుపుగొంతు పిగిలిపిట్ట: తరచుగా అడిగే ప్రశ్నలు

రాయలసీమ గుట్టల్లో పిట్టలు చూడటానికి వచ్చేవాళ్ళు, కొత్తగా బైనాక్యులర్ కొన్నవాళ్ళు, కొండ కింది ఊళ్ళవాళ్ళు ఈ పిట్ట గురించి దాదాపు అవే సందేహాలు అడుగుతుంటారు. వాటన్నిటినీ ఒకచోట చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా రాశాను కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళొచ్చు.

## కొండెక్కక ముందు

ఇది ఏ పిట్ట? మా ఇంటి దగ్గర తిరిగే పిగిలిపిట్టేనా?

దగ్గరి చుట్టమే గానీ అది కాదు. ఇళ్ళ దగ్గర తిరిగేది నల్లటి తల, తోక కింద ఎర్రటి మచ్చ ఉన్న మామూలు పిగిలిపిట్ట. పసుపుగొంతు పిగిలి రాతి కొండల పిట్ట. పొడవు సుమారు 20 సెంటీమీటర్లు, గోరువంక కంటే కొంచెం చిన్నది. నెత్తి మీద జుట్టు ఉండదు. తల, గొంతు పసుపు, వీపు బూడిద కలిసిన ఆలివ్ రంగు, పొట్ట బూడిద, తోక కింద మళ్ళీ పసుపు. శాస్త్రీయ నామం పిక్నోనోటస్ శాంథోలీమస్. పాత పక్షి పుస్తకాల్లో దీన్ని కొండ పొద పిగిలి అన్నారు.

ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా?

లేదు. దక్షిణ భారతంలో తప్ప మరెక్కడా కనబడదు. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాల్లోని పొడి కొండలే దీని ప్రధాన నివాసం. కేరళలో పడమటి కనుమలకు తూర్పున, వాన తక్కువ పడే వాననీడలో ఉన్న చిన్నార్ అభయారణ్యంలోనూ కనబడుతుంది. మ్యాపులో చూస్తే ఈ ప్రాంతం పెద్దదిగానే అనిపిస్తుంది. నిజానికి పిట్ట ఆ ప్రాంతమంతా పరుచుకుని లేదు. ఇక్కడో గుట్ట, అక్కడో కొండ వరస, మధ్యలో మైళ్ళకొద్దీ చేలు, చెరువులు, ఊళ్ళు. ఆ మధ్య మైదానాల్లో ఈ పిట్ట ఉండదు.

దీన్ని మొదట ఎవరు గుర్తించారు?

మద్రాసు ప్రెసిడెన్సీలో వైద్యుడిగా పనిచేసిన థామస్ కావెర్‌హిల్ జెర్డాన్. తూర్పు కనుమల్లో దొరికిన పిట్టను చూసి 1840ల నడుమ దీని గురించి రాశాడు. ఆయన నెల్లూరులోనూ కొంతకాలం పనిచేశాడు. మన కలివికోడిని లోకానికి పరిచయం చేసిందీ ఆయన సేకరించిన నమూనానే, అందుకే ఇంగ్లీషులో అది ఆయన పేరుతోనే ఉంది. ఈ రెండు పిట్టలూ తుప్ప భూముల్లోనివే. కలివికోడి కొండల అడుగున ఉండే పలచని కంపల్లో రాత్రిపూట తిరుగుతుంది, పసుపుగొంతు పిగిలి కొండ మీది బండల్లో పగలు తిరుగుతుంది. రాయలసీమ కంప అడవులంటే వంటచెరకు తప్ప ఏముంటుందిలే అనుకునేవాళ్ళకు ఈ రెండు పేర్లూ చెబుతుంటాను.

ఎండకు కాలిపోయే బండల మీదే ఎందుకు ఉంటుంది? అక్కడ ఏముందని?

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. దూరం నుంచి చూస్తే గుట్ట మొత్తం ఒకే బండలా కనబడుతుంది. దగ్గరికి వెళ్తే సంగతి వేరు. పెద్ద గుండ్ల మధ్య నెర్రెలు ఉంటాయి. కొండ మీద పడిన వాననీళ్ళు బండల మీదుగా జారి ఆ నెర్రెల్లోకి దిగుతాయి. చుట్టూ కొట్టుకొచ్చిన మన్ను, ఆకులు అక్కడే ఆగుతాయి. పైనున్న రాయి నీడనిస్తుంది. కింద చేనులో తేమ ఆరిపోయి వారాలు గడిచాక కూడా ఆ నెర్రెలో వేరుకు తడి అందుతుంది. అందుకే బండ చీలికల్లోంచి జువ్వి, మర్రి, కొండరావి మొలుస్తాయి. కోనల్లో బలుసు, పరికి, దేవదారి, చందనం లాంటివి పెరుగుతాయి.

అనంతపురం ప్రాంతంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. అంత తక్కువ వాన పడే చోట కూడా రాతి కొండ మీద ఏదో ఒక నెలలో ఏదో ఒక చెట్టు పండుతూనే ఉంటుంది. పండ్లు తిని బతికే పిట్టకు కావలసింది అదే. పైగా డేగ కనబడితే చటుక్కున దూరడానికి బండ సందు, ముళ్ళపొద రెండూ పక్కనే ఉంటాయి.

ఎంత ఎత్తు కొండ కావాలి?

ఎక్కువగా 600 నుంచి 1,200 మీటర్ల మధ్య చూస్తుంటారు. అంతకంటే తక్కువ ఎత్తున్న గుట్టల్లోనూ ఉంది. హంపి పరిసరాల్లోని గుండ్రాళ్ళ గుట్టలు ఏమంత ఎత్తు కాదు. నా దృష్టిలో ఎత్తు కంటే మూడు విషయాలు ముఖ్యం: నిటారు వాలు, పగుళ్ళున్న పెద్ద బండలు, వాటి మధ్య చెదరకుండా మిగిలిన పొదలు. ఈ మూడింట్లో పొదలు పోతే మిగతా రెండూ ఉన్నా పిట్ట ఉండదు.

వేసవిలో వేరే దేశానికి వలసపోతుందా?

పోదు. ఏడాది పొడవునా అదే కొండ ప్రాంతంలో ఉంటుంది. పండ్లు ఎక్కడ ఉంటే ఆ కోనకు, ఆ వాలుకు మారుతుంది, అంతే.

## కొండ మీద

ఎక్కడికి వెళ్తే కనబడే అవకాశం ఎక్కువ?

మన రాష్ట్రంలో అయితే మదనపల్లె దగ్గరి హార్సిలీ హిల్స్, అంటే ఏనుగు మల్లమ్మ కొండ, అందరూ మొదట చెప్పే చోటు. కొండ ఎత్తు సుమారు 1,265 మీటర్లు, పైదాకా రోడ్డు ఉంది. పైనున్న యూకలిప్టస్ చెట్ల కింద వెతక్కండి, బండలూ పొదలూ ఉన్న వాలుల వైపు చూడండి. శేషాచలం కొండలు, పెనుకొండ పరిసరాల్లోని గుట్టలు, ఉత్తరాన నల్లమల వైపు కొండలు కూడా దీని తావులే.

బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్ళకు నంది కొండ, రామనగరం, సావనదుర్గ, దేవరాయనదుర్గ దగ్గర. బళ్ళారి వైపు వెళ్ళేవాళ్ళు హంపి పక్కనే ఉన్న దరోజి ఎలుగుబంటి అభయారణ్యం చూడొచ్చు. తమిళనాడులో సెంజి కోట కొండలు, ఏర్కాడు ఉన్న శేర్వరాయన్ కొండలు పేరున్నవి.

ఏ నెల, ఏ వేళ మంచిది?

ఏ నెలైనా ఉంటుంది. వేళ మాత్రం ముఖ్యం. తెల్లవారినప్పటి నుంచి ఎండ ముదిరేలోపు, అంటే తొమ్మిది దాకా బాగా తిరుగుతుంది. మళ్ళీ సాయంత్రం ఎండ తగ్గాక ఒక గంట. మిట్టమధ్యాహ్నం బండ వేడెక్కాక నీడపట్టున మెదలకుండా కూర్చుంటుంది, ఎంత వెతికినా దొరకదు. నంది కొండ, హార్సిలీ లాంటి చోట్ల వానాకాలం పొద్దున పొగమంచు పట్టేస్తుంది కాబట్టి కొంచెం ఆగాల్సి వస్తుంది. శని, ఆదివారాలు జనం, హారన్లు ఎక్కువ. వీలైతే మామూలు రోజున వెళ్ళండి.

చాలాసార్లు వెళ్ళాను, ఒక్కసారీ కనబడలేదు. ఏం చేయాలి?

నడవడం తగ్గించి కూర్చోండి. ఇది బెరుకు పిట్ట. మనిషి కదులుతూ ఉంటే పొదలోంచి పొదలోకి కిందుగా ఎగిరి బండ అవతలికి జారిపోతుంది. మీరు వెనక్కి తిరిగేసరికి అది లేదు, అది ఉన్నట్టు కూడా మీకు తెలియదు. పండిన జువ్వి చెట్టో, పండ్లున్న పొదల కోనో చూసుకుని, దానికి ఎదురుగా నీడలో ఒకచోట కదలకుండా అరగంట ఉండండి. ముందు మామూలు పిగిలిపిట్టలు వస్తాయి. వాటిని వదిలేయకుండా ఒక్కొక్కదాన్నీ చూడండి, ఒకే చెట్టు మీద ఇది కూడా వాలుతుంది. వచ్చిన పిట్ట పొద చివరనో, గుండు కొననో కొన్ని క్షణాలు కూర్చుని చుట్టూ చూస్తుంది. మీకు దొరికేది ఆ కొద్ది క్షణాలే. బైనాక్యులర్ మెడలో వేలాడుతూ ఉంటే చాలదు, చేతిలో ఉండాలి. ముదురు రంగు బట్టలు వేసుకోండి, గొంతు తగ్గించండి.

కూత ఎలా ఉంటుంది?

చిన్న కూజాలోంచి నీళ్ళు గబగబా ఒంపితే వచ్చే గుడగుడలాంటి పొట్టి కూత. తుప్పల్లో ఉండే పొద పిగిలి అనే వేరే జాతి కూతకూ దీనికీ చాలా పోలిక ఉంది. అందుకే కేవలం కూత విని పసుపుగొంతు పిగిలి అని రాసుకోవద్దు. ఫోనులో కూతను గుర్తుపట్టే మెర్లిన్ లాంటి యాప్ ఈ పేరు చూపించినా సరే, గొంతు కళ్ళతో చూశాకే నమ్మండి. కూత మీకు దిక్కు చెబుతుంది, అంతవరకు చాలు.

ఫోనులో కూత వినిపించి బయటికి పిలవొచ్చా?

వద్దు. తన జాగాలోకి వేరే పిట్ట వచ్చిందనుకుని అది తిండి మానేసి బయటికి వస్తుంది. గూళ్ళ కాలంలో అయితే గుడ్లనో పిల్లలనో వదిలి వస్తుంది. పేరున్న కొండల మీద ప్రతి వారం పదిమంది ఇదే పని చేస్తే ఆ జంట పరిస్థితి ఏమిటో ఆలోచించండి. ఫోటో కోసం గుంపుగా వచ్చేవాళ్ళకు ఈ మాట గట్టిగానే చెబుతాను.

తిరుమల నడకదారిలో చూశానని మావాళ్ళు అంటున్నారు. నిజమేనా?

శేషాచలం కొండల్లో ఈ పిట్ట ఉంది కాబట్టి కొట్టిపారేయలేం. కానీ జనం నడిచే మెట్ల పక్క పొదల్లో గలగలమనే పిట్ట వినిపిస్తే ముందు పొద పిగిలి అని అనుమానించండి. కంటి మీద తెల్ల గీత ఉందా, గొంతు పసుపుగా ఉందా అని వాళ్ళను అడగండి. తెల్ల గీత ఉంటే అది పొద పిగిలి, గీత లేకుండా గొంతు పసుపైతే ఇదే.

## కనిపించాక

పొద పిగిలికీ దీనికీ తేడా ఎలా చెప్పాలి?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. రెండూ ఒకే పొడవు, రెండిటికీ జుట్టు లేదు, రెండిటికీ తోక కింద పసుపు ఛాయ ఉంది, కూతలు కూడా దగ్గర దగ్గరగా ఉంటాయి. ముఖం చూడండి. పొద పిగిలికి కంటి పైన తెల్లటి కనుబొమ స్పష్టంగా ఉంటుంది, గొంతు వెలిసిన రంగు. పసుపుగొంతు పిగిలికి కనుబొమ లేదు. ముక్కు మొదలు నుంచి నెత్తి, బుగ్గలు, గొంతు అన్నీ ఒకే పసుపు ఛాయలో ఉంటాయి, గొంతు దగ్గర రంగు మరీ మెరుస్తుంది. ఆ పసుపు రొమ్ము దగ్గర ఆగి బూడిద రంగు మొదలవుతుంది. ఎగిరేటప్పుడు తోక చివర్లు లేత పసుపు తెలుపుగా విచ్చుకుంటాయి. ఉదయపు ఎండ ఎర్రగా పడుతున్నప్పుడు ఏ పిట్ట గొంతైనా పసుపుగా కనబడొచ్చు, కాబట్టి నీడలోకి వచ్చేదాకా ఆగి చూడండి.

పసుపు పిట్ట అనగానే ఇదేనా? ఇంకేవైనా ఉన్నాయా?

ఉన్నాయి. అయోరా అనే పిట్ట దీనికంటే బాగా చిన్నది, రెక్క మీద తెల్ల పట్టీలుంటాయి. వంగపండు పిట్ట మెరిసే పసుపు, రెక్కలు నలుపు. ఆకుపచ్చ ఆకుపిట్టలకు గొంతు నల్లగా, నీలంగా ఉంటుంది. ఇవేవీ బండ కొన మీద నిటారుగా కూర్చుని చుట్టూ చూసి పొదలోకి దూకే రకం కాదు. రంగుతో పాటు ఆ కూర్చున్న తీరు కూడా గుర్తుపెట్టుకోండి.

మగ, ఆడ తేడా ఉందా?

చూపుకు తెలియదు. రెండూ ఒకేలా ఉంటాయి. పిల్లలకు పసుపు వెలిసినట్టు ఉంటుంది.

ఫోటో సరిగ్గా రాలేదు. గుర్తుపట్టడానికి ఏం రాసుకోవాలి?

నాలుగు విషయాలు చాలు: కనుబొమ ఉందా లేదా, గొంతు రంగు, పొట్ట రంగు, తోక కింద రంగు. వాటితో పాటు ఎక్కడ వాలింది, బండ మీదనా పొద మీదనా చెట్టు మీదనా, ఏం తింటోంది అనేవి రాయండి. మసక ఫోటో ఉన్నా దాచుకోండి. పసుపు తల, కనుబొమ లేని ముఖం తెలిస్తే ఆ మసక బొమ్మ కూడా పనికొస్తుంది.

## దాని బతుకు

ఏం తింటుంది?

ప్రధానంగా పండ్లు: మర్రి జాతి పండ్లు, పరికి, దేవదారి, చందనం, లాంటానా. వాటితో పాటు పురుగులు.

పండిన జువ్వి దగ్గర దీన్ని చూడటం నాకు చాలా ఇష్టం. బండ చీలికలో వంకరగా పెరిగిన చెట్టు అనుకోండి. పిట్ట నేరుగా పండు మీద వాలదు. ముందు పక్కనున్న ఎండు కొమ్మ మీద ఆగుతుంది. తల ఇటు, అటు తిప్పుతుంది. తర్వాత లోపలికి దూకి, కొమ్మను గట్టిగా పట్టుకుని ముందుకు వంగి, పండును ఒక్క మెలికతో తుంచి, ముక్కు పైకెత్తి మింగేస్తుంది. రెండు మూడు పండ్లయ్యాక ముక్కును కొమ్మకు ఇటొకసారి అటొకసారి రాసుకుని బండ మీదికి వెళ్తుంది. అక్కడ కాసేపు కూర్చుంటుంది, రెట్ట వేస్తుంది, పోతుంది. ఆ రెట్ట ఆరాక దగ్గరికి వెళ్ళి చూస్తే ఆవగింజ కంటే చిన్న గింజలు అతుక్కుని ఉంటాయి. వాన పడినప్పుడు అవి నెర్రెలోకి జారతాయి. బండ మధ్యలో ఎవరూ నాటని జువ్వి మొక్క ఎలా వచ్చిందని అడిగేవాళ్ళకు జవాబు ఇదే. మనిషి చేయి చేరని చీలికల్లో విత్తనం వేసేది ఇలా పండ్లు తినే పిట్టలే.

ఎండాకాలంలో నీళ్ళెలా?

పండ్లలోని తడి కొంత సరిపోతుంది. దానితో పాటు కొండ మీది దొనలు ఆదుకుంటాయి. బండలో గుంతలా ఏర్పడిన దొనలో వాననీళ్ళు నిలుస్తాయి. లోతుగా, నీడన ఉన్న దొన నడివేసవి దాకా ఆరదు. ఏప్రిల్, మే నెలల్లో అలాంటి దొన చుట్టూ గుట్ట మీది పిట్టలన్నీ చేరతాయి. అందుకే దొనలో బట్టలు ఉతకడం, సబ్బు వాడటం, ప్లాస్టిక్ పడేయడం మామూలు అశుభ్రత అనుకోవద్దు. ఆ గుట్టకంతా వేసవిలో అదొక్కటే నీటి వసతి కావచ్చు.

గూడు ఎప్పుడు, ఎక్కడ పెడుతుంది?

జూన్ నుంచి ఆగస్టు దాకా గూళ్ళ కాలం. నైరుతి వానలు మొదలై పొదలు చిగురించి, పురుగు పెరిగే సమయం అది. గూట్లో పిల్లలకు పండ్లొక్కటే చాలవు, ఎదగడానికి పురుగులు కావాలి. వానకూ గూటికీ ముడి అక్కడే ఉంది. పిగిలి జాతుల పద్ధతిలోనే సన్నటి పుల్లలు, వేళ్ళు, గడ్డిపోచలతో చిన్న గిన్నెలా అల్లుతుంది. బండల మధ్య, పొదల మరుగున దాస్తుంది. పిగిలి కుటుంబంలో మామూలుగా రెండు మూడు గుడ్లు పెడతాయి.

గూడు కనబడితే దగ్గరికి వెళ్ళి ఫోటో తీయొచ్చా?

వెంటనే వెనక్కి వచ్చేయండి. మీరు గూటి ముందు నిలబడినంతసేపు తల్లి రాదు. గుడ్లు చల్లబడటమో, ఎండ సోకి పాడవడమో జరుగుతుంది. గూటికి అడ్డుగా ఉన్న కొమ్మను ఫోటో కోసం పక్కకు తప్పిస్తే ఆ గూడు కాకికీ కోతికీ కనబడిపోతుంది. గూడున్న చోటు ఎవరికీ లొకేషన్ పంపవద్దు.

గుంపులుగా ఉంటాయా?

ఎక్కువగా జంటగా, లేదా చిన్న గుంపుగా. పండిన చెట్టు మీద మాత్రం వేరే పిగిలి జాతులతో కలిసి కనబడతాయి.

కొండ మీద కోతులకు తిండి పెడితే ఈ పిట్టకేం సంబంధం?

చాలా ఉంది. కోతులు గూళ్ళలోని గుడ్లను, పిల్లలను తింటాయి. సందర్శకులు పెట్టే తిండితో ఒక గుట్ట మీద కోతుల సంఖ్య ఆ గుట్ట మామూలుగా మోయగలిగిన దానికంటే పెరిగిపోతుంది. జనం లేని రోజుల్లో ఆ కోతులన్నీ ఆకలితో పొదలను గాలిస్తాయి. హార్సిలీ, నంది లాంటి చోట్ల బిస్కెట్ పాకెట్ విసిరేముందు ఇది గుర్తుకు రావాలి.

## కొండకు వచ్చిన ముప్పు

ఇది అంతరించిపోతోందా?

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య ఎర్ర జాబితాలో దీన్ని వల్నరబుల్ అనే వర్గంలో పెట్టారు. అంటే ముప్పు ఉందని నిర్ధారించిన జాతుల్లో ఇదొకటి. వేటగాళ్ళ వల్ల ఈ స్థితి రాలేదు, ఉండే కొండలు పోతుండటం వల్ల వచ్చింది.

ఒక గుట్టను క్వారీకి ఇస్తే పక్క గుట్టకు ఎగిరిపోదా? రెక్కలున్నాయి కదా?

ఇంత తేలిగ్గా అయిపోతే బాగుండేది. పక్క గుట్ట ఖాళీగా ఉండదు. దాని మీద పండ్లున్న కోనలు ఎన్ని ఉంటే అన్ని జంటలు అప్పటికే అక్కడ ఉంటాయి. వెళ్ళిన పిట్టకు తిండికీ గూటికీ చోటు దొరకదు. ఇక గుట్టల మధ్య దూరం సంగతి. ఇది పొదలు వదిలి చేల మీదుగా దూరాలు పోయే పిట్ట కాదు. ఒక కొండ వరసలో నడిమి గుట్ట పోతే అటుపక్క పిట్టలకూ ఇటుపక్క పిట్టలకూ కలిసే దారి తెగుతుంది. చిన్న గుంపు చిన్న గుంపుగానే మిగిలి, ఒక కార్చిచ్చుకో వరస కరువుకో మొత్తం పోయే స్థితి వస్తుంది.

క్వారీ పని ఎలా మొదలవుతుందో చూసినవాళ్ళకు ఇంకో విషయం తెలుసు. రాయి కోయడానికి ముందే పైనున్న మన్ను, పొదలు, చెట్లు యంత్రంతో తోసేస్తారు. అంటే పిట్ట నివాసం మొదటి వారాల్లోనే పోతుంది. తర్వాత లారీల దారి, వ్యర్థపు రాళ్ళ గుట్టలు, క్రషర్ ఉంటే దుమ్ము. ఆ దుమ్ము పక్క వాలు మీది ఆకులపై, పూలపై పేరుకుంటుంది. లీజు పది ఎకరాలకే అయినా నష్టం ఆ పదితో ఆగదు.

కర్ణాటకలో రామనగరం నుంచి ఉత్తరంగా సాగే క్లోజ్‌పేట గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. అలాంటి రాయి పగిలి, అరిగి, నెర్రెలు పడి, ఆ నెర్రెల్లో మన్ను చేరి, చెట్టు మొలవడానికి పట్టిన కాలం మన లెక్కలకు అందదు. తవ్వేశాక మొక్కలు నాటి కొండను తిరిగి తెస్తామనే మాటను నేను ఒప్పుకోలేను.

కొండకు నిప్పు పెడితే కొత్త గడ్డి వస్తుందంటారు. పిట్టకు నష్టమా?

నష్టమే. వేసవిలో బోదగడ్డి అంటుకుంటే మంట వాలు వెంబడి పైకి పరుగెత్తుతుంది. గడ్డి వానకు మళ్ళీ వస్తుంది. పండ్ల పొదలు కాయడానికి మాత్రం ఏళ్ళు పడుతుంది, ఏటా నిప్పు పడితే అవి ఎప్పటికీ కాయవు. మంట ఎక్కువగా రేగేది వానలకు ముందు, అంటే సరిగ్గా గూళ్ళ కాలానికి ముందు. జూన్‌లో వాన పడేసరికి గూటికి మరుగు ఉండదు. గొర్రెల కాపర్లను తిట్టి లాభం లేదు, వాళ్ళకు మేత కావాలి. కింది భాగంలో మేతకు ఫలానా చోటు అని ఊరు మొత్తం కూర్చుని అనుకుని, పై కోనలను వదిలేయగలిగితే రెండు పనులూ జరుగుతాయి.

లాంటానా పండ్లు తింటుంది కదా, మరి దాన్ని పీకేయమంటారేం?

రెండూ నిజమే. లాంటానా బయటి దేశం నుంచి వచ్చిన కంప. దాని పండ్లను ఈ పిట్ట తింటుంది. అయితే అది అల్లుకున్న చోట బలుసు, పరికి, దేవదారి మొలకలకు వెలుతురు అందదు. ఎండాకాలంలో అంటుకుంటే మంటను చెట్ల కొమ్మల దాకా ఎగదోస్తుంది. కొద్ది నెలల తిండి ఇచ్చి, మిగతా నెలల తిండిని చంపేస్తుంది. నా అభిప్రాయం: తీసేయాలి, కానీ కొండంతా ఒకేసారి యంత్రంతో కాదు. ముక్కలు ముక్కలుగా, గూళ్ళ కాలం తప్పించి, ఒక ముక్కలో నాటు పొదలు లేచాక ఇంకో ముక్క.

బోడి గుట్ట మీద చెట్లు నాటితే పిట్టలకు మంచిదే కదా?

మంచి మనసుతో జరిగే నష్టం ఇది. ప్రభుత్వ బంజరు భూముల అట్లాసులో పొదలున్న భూమి, రాతి భూమి రెండూ బంజరు కిందే లెక్క. బంజరు అనగానే ఏదో ఒకటి నాటాలి, లేదా దేనికో ఒకదానికి ఇచ్చేయాలి అనిపిస్తుంది. గుంతలు తీయడానికి ఉన్న పొదలు కొట్టి, యూకలిప్టస్, గ్లైరిసీడియా లాంటివి వరసల్లో పెడతారు. వాటిలో ఈ పిట్ట తినే పండు ఒక్కటి లేదు. గుట్టను పచ్చగా చేయాలనుకుంటే నిప్పు పడకుండా, నరక్కుండా కొన్నేళ్ళు కాపాడండి చాలు. గింజలు వేసే పని పిట్టలకు తెలుసు.

కట్టెలు కొట్టుకునేవాళ్ళ వల్ల కూడా ముప్పేనా?

ఊరికి దగ్గరి గుట్టల మీద అవును. ఎండుపుల్ల ఏరుకుంటే పెద్ద నష్టం లేదు. పచ్చి పొదను మొదలంటా కొట్టినప్పుడే తేడా వస్తుంది.

## చూసినవాళ్ళు చేయగలిగినవి

కొత్త గుట్ట మీద చూశాను. ఎక్కడ నమోదు చేయాలి?

పక్షులు చూసేవాళ్ళు తమ జాబితాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో తేదీ, చోటు, వీలైతే ఫోటోతో చెక్‌లిస్టు పెట్టండి. ఫోటో లేకపోతే ముఖం, గొంతు, పొట్ట రంగులు మాటల్లో రాయండి. దాంతో పాటు మీ పంచాయతీలో ఇంకో పని చేయొచ్చు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద స్థానిక సంస్థల్లో జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు ఉండాలి, అవి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. ఫలానా గుట్ట మీద ఈ పిట్ట ఉంది అని ఆ రిజిస్టర్‌లో ఎక్కించమని అడగండి. పక్షులు చూసేవాళ్ళ జాబితా ఒక అధికారి కంట పడొచ్చు, పడకపోవచ్చు. పంచాయతీ కాగితంలో ఉన్న మాటకు వేరే బరువుంటుంది.

మా ఊరి గుట్టకు క్వారీ అనుమతి అడుగుతున్నారట. మాలాంటివాళ్ళు ఏం చేయగలరు?

కాగితాలు ముందు చూడండి. 2012లో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత 5 హెక్టార్ల లోపు చిన్న ఖనిజాల (కట్టడపు రాయి, ఇసుక లాంటివి) లీజులకు కూడా పర్యావరణ అనుమతి కావాలి. దరఖాస్తుతో పాటు ఇచ్చే నివేదికలో అక్కడి జంతువులు, పక్షుల జాబితా ఉంటుంది. అందులో ఈ పిట్ట పేరు ఉందో లేదో చదవండి. మీరు తేదీలతో, ఫోటోలతో చూసిన పిట్ట ఆ జాబితాలో లేకపోతే, ఆ సంగతిని రాతపూర్వకంగా పంపండి. ప్రజాభిప్రాయ సేకరణ పెడితే వెళ్ళి మాట్లాడండి, మాట్లాడింది మినిట్స్‌లో రాయించండి. కొండ మీది దొనలు, కింది చెరువుకు వచ్చే వంకలు, మేత కూడా చెప్పండి. పిట్ట ఒక్కదాని గురించే చెబితే వినేవాళ్ళు తక్కువ. నిజానికి పిట్టకు కావలసిందీ ఊరికి కావలసిందీ ఆ గుట్ట మీద వేరువేరు కాదు.

పట్టుకుని పంజరంలో పెంచొచ్చా?

కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఎవరైనా పిగిలిపిట్టలను అమ్ముతుంటే కొనకండి, జాలిపడి కొని వదిలేద్దామని కూడా కొనకండి. కొన్న ప్రతి పిట్ట చోటికీ ఇంకోదాన్ని పట్టుకొస్తారు. అటవీ శాఖకు చెప్పండి.

పిల్లలను తీసుకెళ్ళొచ్చా? వాళ్ళు నిశ్శబ్దంగా ఉండరు కదా?

తప్పకుండా తీసుకెళ్ళండి. పసుపుగొంతు పిగిలి దొరక్కపోవచ్చు. పిల్లలకు ముందు పండిన జువ్వి చెట్టు, దొన, బండ నెర్రెలో మొలిచిన మొక్క చూపించండి, ఒక్కో దగ్గర ఆగనివ్వండి. మామూలు పిగిలిపిట్ట పండు మింగడం దగ్గరగా కనబడితే వాళ్ళంతట వాళ్ళే గొంతు తగ్గిస్తారు. నీళ్ళు, టోపీ, బండ మీద జారని చెప్పులు ఉండాలి. వాన పడిన మర్నాడు నాచు పట్టిన బండలు ఎక్కనివ్వకండి. ఎలుగుబంట్లు ఉండే గుట్టలైతే తెల్లవారుజామున, చీకటి పడే వేళ పొదల్లోకి వెళ్ళకుండా అటవీ సిబ్బందిని అడిగి దారి మీదే ఉండండి.